గరిష్ఠ సామాన్య భాజకము

గణితశాస్త్రములో కొన్ని మాటలు చెవికి బరువుగా నుండును. వాని లోపలి భావము మాత్రము మిక్కిలి తేలిక. "గరిష్ఠ సామాన్య భాజకము" అట్టి మాట. దీనిని పొట్టిగా గ.సా.భా. అని వ్రాయుచుందుము. మన షోలాపూరు తూర్పుభాగమున, మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన విద్యార్థికి ఈ విషయము మూడు పేర్లతో ఎదురగును. మన తెలుగు తరగతిలో ఇది గ.సా.భా.; పొరుగింటి మిత్రుని మరాఠీ పుస్తకములో ఇదియే "మసావి", అనగా మహత్తమ సామాయిక విభాజక్; ఆంగ్లములో చదువువారికి ఇదియే "హెచ్.సి.ఎఫ్.".

పేరును మాత్రమే కంఠస్థము చేసినవాడు మాధ్యమము మారిన నాడు తాను నేర్చినదంతయు పోయినదని భయపడును. భావమును గ్రహించినవానికి పోవునది ఏదియు లేదు. మనలో అనేకులు ఉన్నత పాఠశాల ముగించిన పిమ్మట మరాఠీలోనో, ఆంగ్లములోనో చదువు సాగింపవలసినవారము. కావున ఈ పాఠమును పేరునుండి గాక భావమునుండి ప్రారంభింతము. ఉదాహరణములకు దూరము పోవలసిన పని లేదు. మన యింటనున్న మగ్గమును, దానిపై నేసిన బట్టయు చాలును.

1. మాటలోని మూడు మాటలు

ఒక సంఖ్య మరియొక సంఖ్యను శేషము లేకుండ భాగించినచో మొదటిదానిని రెండవదానికి భాజకమందురు. 12ను 4 శేషము లేకుండ భాగించును. కావున 4 అనునది 12నకు భాజకము. 5 భాగింపదు, 2 శేషము మిగులును. కావున 5 భాజకము కాదు.

రెండు సంఖ్యలకును భాజకమైనది సామాన్య భాజకము. ఇచట "సామాన్య" మనగా సాధారణమైనది, గొప్పది కానిది అని అర్థము కాదు. ఉభయులకు చెందినది అని అర్థము. రెండిండ్లకు నడుమ నున్న ఉమ్మడి గోడ వంటిది. అట్టి సామాన్య భాజకములలో అన్నిటికంటె పెద్దది గరిష్ఠము.

ఇపుడొక లెక్క. తువ్వాళ్ల బట్ట రెండు చుట్టలున్నవి. ఒకటి 36 మీటర్లు, రెండవది 48 మీటర్లు. రెండింటిని సమానమైన పొడవుగల ముక్కలుగా కోయవలెను. ఒక్క అంగుళమైనను వృథా పోరాదు. ముక్క వీలయినంత పొడవుగా నుండవలెను. ముక్క పొడవు పూర్ణసంఖ్య మీటర్లలో ఎంత యుండవలెను?

36 యొక్క భాజకములు: 1, 2, 3, 4, 6, 9, 12, 18, 36.
48 యొక్క భాజకములు: 1, 2, 3, 4, 6, 8, 12, 16, 24, 48.
రెండింట నున్నవి: 1, 2, 3, 4, 6, 12.

వీనిలో పెద్దది 12. కావున ముక్క పొడవు 12 మీటర్లు. మొదటి చుట్టనుండి 3, రెండవ చుట్టనుండి 4, మొత్తము 7 ముక్కలు వచ్చును. 18 మీటర్ల ముక్కలు కోసినచో మొదటి చుట్టకు సరిపోవును గాని, రెండవదానిలో 12 మీటర్ల తునక మిగులును. నేతపనివాని యింట మిగిలిన తునక యనగా నూలు, రంగు, శ్రమ మూడును కొంత నష్టమైనట్లే.

ఇందు మరియొక విశేషమును గమనింపుడు. సామాన్య భాజకములైన 1, 2, 3, 4, 6, 12 అన్నియు 12నకు భాజకములే. ఇది కేవలము యాదృచ్ఛికము కాదు. ఏ రెండు సంఖ్యలను తీసికొన్నను వాని సామాన్య భాజకము లన్నియు వాని గ.సా.భా.ను శేషము లేకుండ భాగించును.

2. డజను, పుంజము

మన బజారులో తువ్వాళ్లను డజన్ల లెక్కన అమ్ముదురు. పది సులభమైన సంఖ్య గదా, పన్నెండేల? 10నకు భాజకములు 1, 2, 5, 10 అను నాలుగే. 12నకు 1, 2, 3, 4, 6, 12 అను ఆరు కలవు. డజనును ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఆరుగురు సమముగా పంచుకొనవచ్చును; పదింటిని ముగ్గురు గాని నలుగురు గాని పంచుకొనలేరు.

పూర్వము గోదావరి ప్రాంతపు సాలెవారు పడుగును పుంజముల లెక్కన చెప్పెడివారు. పుంజమనగా 120 పోగులు. 100 తీసికొనక 120 తీసికొనుటలోని సౌలభ్యము భాజకములను లెక్కించినచో తెలియును. 100నకు భాజకములు 9, 120నకు 16. మూడు రంగుల చారలైనను, ఎనిమిది చారలైనను, పదునైదు చారలైనను పుంజము సమముగా విడిపోవును. ఈ లాభమును అనుభవించుటకు పలక, బలపము అవసరము లేదు, వ్రేళ్లే చాలును.

3. ప్రధాన సంఖ్యల మార్గము

సంఖ్యలు పెద్దవైనపుడు భాజకముల నన్నిటిని వ్రాయుట విసుగు పుట్టించును. అపుడు సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధముగా విడదీయుదుము. 1 కంటె పెద్దదై, 1యు తానును తప్ప వేరు భాజకములు లేనిది ప్రధాన సంఖ్య: 2, 3, 5, 7, 11, 13 మున్నగునవి.

మరాఠీ పుస్తకములలో దీనిని "మూళ్ సంఖ్యా" అందురు. తెలుగు విద్యార్థి ఇచట మోసపోరాదు. వర్గమూలము, ఘనమూలము అనునపుడు మనము వాడు మూలము వేరు. ఈ "మూళ్" వేరు. అట్లే మరాఠీలో "విభాజ్య" యనగా మన గుణిజము. కావుననే మన క.సా.గు., అనగా కనిష్ఠ సామాన్య గుణిజము, వారికి "లసావి" యైనది. మాట యొకే సంస్కృత ధాతువునుండి వచ్చినను రెండు భాషలలో రెండు పనులు చేయవచ్చును.

360, 504 అను సంఖ్యలను విడదీయుదము.

360 = 2 × 2 × 2 × 3 × 3 × 5
504 = 2 × 2 × 2 × 3 × 3 × 7

రెండింటిలోను 2 మూడుసార్లును, 3 రెండుసార్లును ఉన్నవి. 5 మొదటిదానియందే, 7 రెండవదానియందే యున్నవి, వానిని విడువవలెను. కావున గ.సా.భా. = 2 × 2 × 2 × 3 × 3 = 72.

ఒక ప్రధాన సంఖ్య రెండింటిలోను వేర్వేరు పర్యాయములు వచ్చినచో తక్కువ పర్యాయములను మాత్రమే గ్రహింపవలెను. ఏలయన, ఇద్దరి చేతిలోను ఉన్నంతవరకే అది ఉమ్మడి సొత్తు.

4. యూక్లిడ్ మార్గము

ఇప్పుడు 1147, 1517 అను సంఖ్యలను తీసికొందము. వీనిని 2, 3, 5, 7, 11, 13 వీనిలో ఏదియు భాగింపదు. ప్రధాన సంఖ్యలకై వెదకుచు కూర్చున్నచో చాల ప్రొద్దు పట్టును. ఇట్టి చోట సహాయమునకు వచ్చునది యూక్లిడ్ మార్గము. క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున గ్రీకు భాషలో యూక్లిడ్ రచించిన "ఎలిమెంట్స్" అను గ్రంథపు ఏడవ భాగమున ఇది మొదటనే చెప్పబడినది.

మార్గమిది: పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగింపుము. శేషము వచ్చినచో, ఆ చిన్న సంఖ్యను శేషముతో భాగింపుము. శేషము సున్న యగువరకు ఇట్లే చేయుము. కడపటి భాజకమే గ.సా.భా.

1517 = 1 × 1147 + 370
1147 = 3 × 370 + 37
370 = 10 × 37 + 0

కావున గ.సా.భా. 37. మూడు భాగహారములతో పని ముగిసినది. ఇవి రెండు బట్టల పొడవులు సెంటీమీటర్లలో అనుకొందము. 37 సెంటీమీటర్ల చేతిరుమాళ్లుగా కోసినచో, మొదటి బట్టనుండి 31, రెండవ బట్టనుండి 41, మొత్తము 72 రుమాళ్లు వచ్చును. అనగా సరిగా ఆరు డజన్లు. తునక యొక్కటియు మిగులదు.

అయితే ఇది ఎందుచేత సత్యము? కారణము తెలియని మార్గము కంఠపాఠమే యగును. కావున ఇచట కొంచెము నిలిచి యోచింతము.

రెండు బట్టలను ఒక కొలకర్రతో కొలిచితిమి. రెండును కర్రకు సరిగా సరిపోయినవి. ఇపుడు పెద్ద బట్టనుండి చిన్న బట్టంత పొడవు కోసివేసితిమి. మిగిలిన తునక ఆ కర్రకు సరిపోవునా? తప్పక సరిపోవును, సరియైన కర్రలనుండి సరియైన కర్రలు తీసివేసితిమి గదా. ఇదే విధముగా, చిన్న బట్టయు తునకయు ఒక కర్రకు సరిపోయినచో, వానిని కలిపి కుట్టగా వచ్చు పెద్ద బట్టయు ఆ కర్రకే సరిపోవును. కావున పెద్ద బట్టకు, చిన్న బట్టకు గల సామాన్య భాజకములును, చిన్న బట్టకు, తునకకు గల సామాన్య భాజకములును ఒక్కటే. లెక్క చిన్నదైనది గాని జవాబు మారలేదు.

శేషము ఎల్లపుడు భాజకముకంటె చిన్నది. కావున శేషములు దిగుచు దిగుచు ఎన్నడో ఒకనాడు సున్నకు చేరక తప్పదు. సున్నను ప్రతి సంఖ్యయు శేషము లేకుండ భాగించును. కావున 37నకు, సున్నకు గ.సా.భా. 37. అందుచేతనే కడపటి భాజకము మన జవాబగుచున్నది.

దీనిని కంటితో చూడగోరువారు 60 అంగుళముల వెడల్పు, 84 అంగుళముల పొడవుగల దుప్పటిని తలచుకొనుడు. దానిపై సమానమైన చదరపు గళ్లు వేయవలెను. గడి వీలయినంత పెద్దదిగా నుండవలెను. మొదట 60 అంగుళముల చదరమును గీచినచో 24 × 60 మిగులును. అందు 24 అంగుళముల చదరములు రెండు గీయగా 24 × 12 మిగులును. అందు 12 అంగుళముల చదరములు రెండు సరిగా పట్టును. కావున గడి 12 అంగుళములు. వెడల్పున 5, పొడవున 7, మొత్తము 35 గళ్లు.

5. జకార్డు అట్టలు

గ.సా.భా. వలన మగ్గముపై నిజముగా ఖర్చు తగ్గునని చూపు ఉదాహరణము జకార్డు పనిలో కలదు. షోలాపూరు దుప్పటిపై పూవులు, నెమళ్లు తేలుట జకార్డు యంత్రము వలననే. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు జోసెఫ్ మారీ జకార్డు దీనికి రూపమిచ్చెను. రంధ్రములు గల అట్టలను దండవలె కుట్టి యంత్రముపై త్రిప్పుదురు. ఒక్కొక్క పేకపోగునకు ఒక్కొక్క అట్ట. ఏ పడుగుపోగులు పైకి లేవవలెనో ఆ అట్టలోని రంధ్రములు నిర్ణయించును.

అంచులోని లత ప్రతి 24 పేకపోగులకు ఒకసారి మరల వచ్చును. ఒడలిలోని పూవు ప్రతి 36 పోగులకు ఒకసారి మరల వచ్చును. రెండును ఒకే దండ అట్టలతో నడచుననుకొందము. లతయు పూవును రెండును ఒక్కసారిగా మొదటికి వచ్చునంతవరకు అట్టలు వేర్వేరుగా నుండవలెను. ఆ సంఖ్య 24, 36 వీని క.సా.గు. అది 72. కావున 72 అట్టలు చాలును.

ఇపుడు పూవును ఒక్క పోగు తగ్గించి 35 పోగులకు గీచితిమనుకొనుడు. 24, 35 వీనికి 1 తప్ప సామాన్య భాజకము లేదు. క.సా.గు. 24 × 35 = 840. ఒక్క పోగు తగ్గించినందుకు 72 అట్టల చోట 840 అట్టలు కొట్టవలసి వచ్చినది!

దీనికి మూలమైన సూత్రము: రెండు సంఖ్యల లబ్ధము, వాని గ.సా.భా., క.సా.గు.ల లబ్ధమునకు సమానము. 24 × 36 = 864; 12 × 72 = 864. కావున గ.సా.భా. పెరిగినకొలది క.సా.గు. తగ్గును. రెండు నమూనాలకు ఉమ్మడి యెంత ఎక్కువో, అట్టల ఖర్చు అంత తక్కువ. కంప్యూటరుతో నడచు జకార్డులలో అట్టలు లేకపోయినను, నమూనా మరల మొదటికి వచ్చుటకు పట్టు పోగుల లెక్క మాత్రము ఇదియే.

6. మన దేశపు గణితజ్ఞులు

క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథమున కుట్టక మను పద్ధతిని చెప్పెను. అందును ఒకదానిని మరియొకదానితో భాగించి, శేషముతో మరల భాగించుటయే ప్రధానము. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో కుట్టకమునకు ప్రత్యేక ప్రకరణము కలదు. సంఖ్యలను వాని గ.సా.భా.తో భాగించి చిన్నవి చేయుటకు ఆయన అపవర్తనమని పేరు పెట్టెను. అట్లు భాగింపగా ఇక ఉమ్మడి భాజకము మిగులని సంఖ్యలకు "దృఢ" మని పేరు.

కుట్టకము వంటి ప్రశ్న మన బజారులోను తటస్థించును. వర్తకునికడ 12 మీటర్ల తానులు, 18 మీటర్ల తానులు మాత్రమే యున్నవి. తాను కోయకుండ సరిగా 100 మీటర్లు కావలెనని ఒకడు కోరెను. ఇచ్చుట సాధ్యమా? 12, 18 వీని గ.సా.భా. 6. ఎన్ని తానులు ఎట్లు కలిపినను మొత్తమును 6 భాగించును. 100ను 6 భాగింపదు. కావున అసాధ్యము. ఇట్టి ప్రశ్నను భాస్కరాచార్యుడు దుష్టమని త్రోసివేసెను. 102 మీటర్లు కోరినచో ఇవ్వవచ్చును: 12 మీటర్లవి నాలుగు, 18 మీటర్లవి మూడు. సాధ్యము కానిదానికై గంటలకొలది తానులు పేర్చి చూచుటకంటె ఒక్క భాగహారము మేలు గదా.

తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలములో మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఆ చక్రవర్తుల రాజధాని మాన్యఖేటము. అది మన షోలాపూరునకు పొరుగుననున్న కలబురగి జిల్లాలోని మళఖేడ. ఆ గ్రంథమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడ సీమలో సంస్కృతమున పుట్టిన లెక్క తెలుగువారి సొత్తయ్యెను. గణితము ఒక భాషలోనుండి మరియొక భాషలోనికి నడచుట క్రొత్తకాదు. మనము నేడు చేయుచున్నదియు అదియే.

7. తరచు జరుగు పొరపాటులు

(అ) గ.సా.భా., క.సా.గు.లను తారుమారు చేయుట. జవాబును ఇట్లు పరీక్షింపవచ్చును: గ.సా.భా. ఇచ్చిన సంఖ్యలలో చిన్నదానికంటె పెద్దది కాజాలదు, క.సా.గు. పెద్దదానికంటె చిన్నది కాజాలదు. కోయుట, పంచుట అను ప్రశ్నలలో సాధారణముగా గ.సా.భా.; మరల కలియుట అను ప్రశ్నలలో క.సా.గు. వచ్చును.

(ఆ) గ.సా.భా. 1 అయినచో సంఖ్యలు ప్రధాన సంఖ్యలే యనుకొనుట. 8, 15 వీని గ.సా.భా. 1, కాని 8 గాని 15 గాని ప్రధాన సంఖ్య కాదు. ఇట్టివానిని పరస్పర ప్రధాన సంఖ్యలందురు. మరాఠీలో "సహమూళ్ సంఖ్యా".

(ఇ) లబ్ధ సూత్రమును మూడు సంఖ్యలకు వాడుట. 4, 6, 10 వీని గ.సా.భా. 2, క.సా.గు. 60, వీని లబ్ధము 120. కాని 4 × 6 × 10 = 240. సూత్రము రెండు సంఖ్యలకే చెల్లును. మూడు సంఖ్యల గ.సా.భా. కావలసినచో, మొదట రెండింటికి కనుగొని, ఆ జవాబునకు మూడవ సంఖ్యకు మరల కనుగొనవలెను.

8. అభ్యాసము

1. 96, 144 వీని గ.సా.భా.ను ప్రధాన సంఖ్యల మార్గమున కనుగొనుడు.
2. 45, 60, 75 మీటర్ల చుట్టలు మూడు కలవు. వృథా లేకుండ సమానమైన మిక్కిలి పొడవైన ముక్కలుగా కోసినచో ముక్క పొడవెంత? ముక్కలెన్ని?
3. 1829, 2077 వీని గ.సా.భా.ను యూక్లిడ్ మార్గమున కనుగొనుడు.
4. అంచు నమూనా 28 పేకపోగులు, ఒడలి నమూనా 42 పేకపోగులు. అట్టలెన్ని కావలెను? ఒడలి నమూనా 41 పోగులైనచో ఎన్ని?
5. 15 మీటర్ల తానులు, 21 మీటర్ల తానులు కలవు. తాను కోయకుండ 100 మీటర్లు ఇవ్వవచ్చునా? 99 మీటర్లు ఇవ్వవచ్చునా?

జవాబులు: (1) 48. (2) 15 మీటర్లు. 3, 4, 5 చొప్పున 12 ముక్కలు. (3) 31, శేషములు వరుసగా 248, 93, 62, 31, 0. (4) 84 అట్టలు, 1148 అట్టలు. (5) 100 ఇవ్వలేము, దానిని 3 భాగింపదు. 99 ఇవ్వవచ్చును, 15 మీటర్లది ఒకటి, 21 మీటర్లవి నాలుగు.

జవాబులను చూచుటకు ముందు లెక్కలు చేయుడు. చేసిన పిమ్మట మూడవ లెక్కను ఇంటిలో పెద్దలకు రెండు దారపు ముక్కలతో చేసి చూపుడు. మరాఠీ మిత్రుడు దగ్గర నున్నచో అతనికి "మసావి" యని చెప్పి వివరింపుడు. ఒక విషయమును రెండు భాషలలో ఇతరులకు బోధింపగలిగినవాడు దానిని నిజముగా నేర్చినవాడు.